తాడు గుంజి చూసి ఇంజన్ కొనకండి

కమాన్‌పూర్‌లో చేలో మందు కొట్టే తైవాన్ పంపును సెకండ్ హ్యాండ్‌లో కొనబోయే రైతుకు సలహాలకు కొదువ ఉండదు. చాయ్ హోటల్ ముందు నలుగురు కూడితే నలుగురూ మెకానిక్కులే. ఒకరు బొగ్గుబాయిలో ఫిట్టరుగా చేసి రిటైరైనవారు, ఇంకొకరు ఆర్‌ఎక్స్ 100 మీద వయసంతా తిరిగినవారు, మరొకరు ఓపెన్ కాస్టు గనిలో డంపర్ నడిపినవారు. వాళ్ల అనుభవం ఉత్తది కాదు. కాని పెద్ద ఇంజన్ల దగ్గర నేర్చుకున్నది తెచ్చి, వీపుకు తగిలించుకునే 26 సీసీ ఇంజన్‌కు అంటగడితే చాలాసార్లు నష్టమే జరుగుతుంది. అలాంటి సలహాలు కొన్ని ఇక్కడ పెడుతున్నాను. ఎందుకు వినకూడదో, వాటికి బదులు ఏం చూడాలో చెప్తాను.

గడ్డి కోసే బ్రష్ కట్టర్ కొనేవాళ్లకూ ఇవే మాటలు పనికొస్తాయి. అదే ఇంజన్ ఊడదీసి మోడల్ విమానానికి బిగిద్దామనుకునే పిల్లలకూ అంతే. లోపలి సరుకు ఒకటే: పిడికిట్లో పట్టే అల్యూమినియం సిలిండర్, ఒకటో రెండో రింగులున్న పిస్టన్, రెండు బేరింగుల మీద తిరిగే క్రాంకు, ఆయిల్ కలిపిన పెట్రోలు. వీటిలో ఏది ఎంత అరిగిందో తెలుసుకోవడానికి పెద్ద వర్క్‌షాపు అక్కర్లేదు. ఒక పానా, ఒక ప్లగ్గు పానా, సెల్‌ఫోన్ టార్చి చాలు. పత్తికి పురుగు పట్టిన వారంలో పంపు మొరాయిస్తే పోయేది పంపు డబ్బులు కాదు, పంట. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

“ఒక్క గుంజుకే అందుకుంది, ఇంకేం కావాలి?”

అందరి నోటా వినిపించే సలహా ఇది. అన్నిటికన్నా ఎక్కువ డబ్బు పోగొట్టేదీ ఇదే. అరిగిన ఇంజన్ కూడా చల్లగా ఉన్నప్పుడు ఒక్క గుంజుకే అందుకోగలదు. చల్లటి ఆయిల్ చిక్కగా ఉండి, రింగుకూ సిలిండర్ గోడకూ మధ్య ఉన్న సందును పూడుస్తుంది. వేడెక్కాక ఆయిల్ పలచబడుతుంది, సందు తెరుచుకుంటుంది, కంప్రెషన్ కారిపోతుంది. పొద్దున ఇంటి ముందు బాగా నడిచిన పంపు, చేను మధ్యలో మందు నింపుకోవడానికి ఆపితే మళ్లీ లేవకపోవడానికి చాలాసార్లు ఇదే కారణం.

దీనికి ఎదురు మోసం కూడా ఉంది. కార్బొరేటర్ చెడి, చల్లగా ఉంటే ఎంతకూ అందుకోని ఇంజన్ను మనం పోయేలోపే కాసేపు నడిపి పెడతారు. కాబట్టి తాడు ముట్టుకోకముందే సిలిండర్ రెక్కల మీద అరచెయ్యి ఆనించండి. గోరువెచ్చగా తగిలినా సరే, చల్లారేదాకా ఆగండి. చల్లటి ఇంజన్ను స్టార్టు చేసి, ట్యాంకులో నీళ్లు పోసి, పది పదిహేను నిమిషాలు పూర్తి రేసులో నీళ్లు కొట్టండి. తర్వాత ఆపి, ఐదు నిమిషాలు కదలకుండా ఉంచి, మళ్లీ గుంజండి. ఈ రెండో గుంజే అసలు పరీక్ష. వేడి మీద అందుకోకపోతే రింగో, కాయిలో, క్రాంకు పక్కనుండే ఆయిల్ సీలో, ఏదో ఒకటి పోయిందని అర్థం.

తాడు బరువుగా వస్తే కంప్రెషన్ బాగున్నట్టే అని కూడా అంటారు. ప్లగ్గు రంధ్రంలో ఒక చెంచా ఆయిల్ పోస్తే ముసలి ఇంజన్ కూడా కాసేపు బరువుగానే లాగుతుంది. అందుకని ముందు ప్లగ్గు విప్పి చూడండి. ఆయిల్‌తో తడిసి ముద్దగా ఉంటే అనుమానించండి. ప్లగ్గు లేకుండానే, స్విచ్ ఆఫ్‌లో పెట్టి, రంధ్రం మీద గుడ్డ వేసి, పదిసార్లు తాడు గుంజితే లోపల పోసిన ఆయిల్ బయటికి చిమ్ముతుంది. అప్పుడు ప్లగ్గు బిగించి మెల్లగా గుంజండి. పిస్టన్ పైకి వచ్చిన ప్రతిసారీ స్ప్రింగును నొక్కినట్టు ఎదురు తగలాలి. ఒట్టి ఇంజన్నో బ్రష్ కట్టర్ తలకాయనో అయితే, స్టార్టర్ పిడి పట్టుకుని నేలకు జానెడు ఎత్తున వేలాడదీయండి. మంచి ఇంజన్ ఆగి ఆగి, మెట్టు మెట్టుగా దిగుతుంది. అరిగింది జర్రున జారుతుంది.

కంప్రెషన్ గేజ్ ఉంటే ఇంకా మంచిది. ఈ సైజు ఇంజన్‌కు 100 పీఎస్‌ఐ చుట్టుపక్కల చూపిస్తే ఆరోగ్యంగా ఉన్నట్టు. 80 కన్నా దిగితే వేడి మీద ఇబ్బంది తప్పదు. అయితే కారు మెకానిక్ దగ్గరుండే పొడవాటి పైపు గేజ్ వాడకండి. 26 సీసీ ఇంజన్‌లో మంట మండే చోటు రెండు మూడు సీసీలే. ఆ పైపులో ఉన్న ఖాళీయే దాంతో సమానమై, మంచి ఇంజన్ను కూడా చెడ్డదని చూపిస్తుంది.

“తళతళలాడుతోంది, బరువుగా ఉంది, గట్టి సరుకే”

మెరుపు స్ప్రే పెయింటుది. జపాన్ అనే అక్షరాలు స్టిక్కరువి. బరువు మందంగా పోత పోసిన లోహానిది, నాణ్యతది కాదు. విమానానికి బిగించేవాడికైతే అనవసరపు బరువు శత్రువు కూడా.

పనితనం చూడాలంటే రెండు ముక్కలు కలిసే చోటు చూడండి. క్రాంకు కేసు రెండు సగాలు అతికిన గీత మీద గోరు నడిపించండి. గోరు తట్టుకుని ఎగిరితే ఆ ఫ్యాక్టరీలో మిషనింగ్ సరిగ్గా లేదని అర్థం. లోపల బేరింగుల గుంతలు కూడా ఒకే వరుసలో లేకపోయే ప్రమాదం ఉంది. ఇక అసలైన ఆనవాలు సిలిండర్ లోపల పోర్టుల అంచుల్లో ఉంటుంది. టూ స్ట్రోక్ ఇంజన్‌లో రింగు ప్రతి చుట్టుకూ కిటికీల్లాంటి ఆ రంధ్రాల మీదుగా పైకి వెళ్లి కిందికి వస్తుంది. ఇంజన్ నిమిషానికి 6,000 చుట్లు తిరిగితే రింగు ఆ అంచును 12,000 సార్లు దాటుతుంది. మంచి తయారీదారు ఆ అంచును సన్నగా ఏటవాలుగా చెక్కి నునుపు చేస్తాడు. చౌక సరుకులో అంచు కత్తిలా వదిలేస్తారు. కొన్నిటిలో పోతపోసినప్పటి ముళ్లు కూడా అలాగే ఉంటాయి. రింగు వాటికి తగులుకుని మెల్లమెల్లగా చెక్కుకుపోతుంది, ఒక్కోసారి విరిగి పిస్టన్‌ను నాశనం చేస్తుంది. పైన పెయింటు ఎంత బాగున్నా, ఆ అంచు వేలికి గీరుకుంటే ఆ ఇంజన్ వద్దు.

“పోతే పోనీ, బోరు కొట్టిస్తే కొత్తదే”

ఇది ఆర్‌ఎక్స్ 100 కాలం నాటి జ్ఞానం. ఆ బండికి అది నిజం. దాని సిలిండర్ లోపల పోత ఇనుప స్లీవు ఉంటుంది. అరిగితే లేతు మీద కాస్త పెద్దది చేసి, ఒక సైజు పెద్ద పిస్టన్ వేస్తారు. 0.25, 0.50, 0.75, 1 మిల్లీమీటరు అంటూ నాలుగుసార్లు బతికించవచ్చు. గోదావరిఖనిలో ఆ పని చేసే చేతులకు ఇప్పటికీ మంచి పేరుంది.

తైవాన్ పంపులో, బ్రష్ కట్టర్‌లో, మోడల్ విమానాల పెట్రోల్ ఇంజన్‌లో సాధారణంగా ఆ ఇనుప స్లీవు ఉండదు. అల్యూమినియం గోడ మీదే క్రోమియమో, నికెల్ సిలికాన్ కార్బైడ్ పూతో పోస్తారు. ఆ పూత వెంట్రుక మందం కూడా దాటదు. అదే దాని బలం: తేలికగా ఉంటుంది, వేడిని త్వరగా వదిలేస్తుంది, గట్టిగా ఉంటుంది. లేతు మీద పెడితే మొదటి కోతకే పూతంతా పోయి మెత్తటి అల్యూమినియం బయటపడుతుంది. అలా బోరు కొట్టించిన సిలిండర్ చెత్తబుట్టకే. కాబట్టి ఈ ఇంజన్లలో రిపేరంటే సిలిండర్, పిస్టన్, రింగు మూడూ కలిపి సెట్టు మార్చడమే.

దీనికి తమ్ముడి లాంటి సలహా ఇంకోటుంది: “రింగులు మార్చు, చాలు.” పూత బాగుండి, రింగు మాత్రమే అరిగితే అది సరైన మాటే. రింగును ఒట్టి సిలిండర్‌లోకి దించి, పిస్టన్ తలతో నెట్టి సమంగా కూర్చోబెట్టి, రెండు కొనల మధ్య సందు ఫీలర్ గేజ్‌తో కొలవాలి. ఈ సైజు పిస్టన్‌కు కొత్తలో 0.2 మిల్లీమీటర్లు అటూ ఇటూ ఉంటుంది. 0.6 దాటితే మార్చాల్సిందే. కాని ఎగ్జాస్ట్ కిటికీ పైన పూత లేచిపోయి, మసకబారిన మచ్చ కనిపిస్తే కొత్త రింగు వేసినా రోజులు గడవవు.

పిస్టన్ గోడకు పట్టేసి సీజ్ అయిన ఇంజన్‌కు బాత్రూం కడిగే యాసిడ్ పోసి తుడవమని చెప్పేవాళ్లూ ఉన్నారు. పిస్టన్ నుంచి అంటుకున్న అల్యూమినియాన్ని యాసిడ్ కరిగిస్తుంది, నిజమే. కింద ఉన్న క్రోమియం పూతను కూడా అదే యాసిడ్ తినేస్తుంది. సన్నటి స్కాచ్ బ్రైట్‌తో ఓపికగా చేత్తో తుడవండి. దానికి రాకపోతే సెట్టు మార్చండి.

“రెండేళ్లదే, ఎక్కువ వాడలేదు”

కమాన్‌పూర్ చుట్టుపక్కల ఇంజన్ వయసును ఏళ్లలో లెక్కపెట్టకూడదు. అది ఏ చేలో నడిచిందో అడగండి. ఈ ఒక్క ప్రశ్న మిగతా అన్నిటికంటే ముఖ్యం.

రామగుండం-3 ఏరియా ఓపెన్ కాస్టులో బొగ్గు తీయాలంటే దాని మీదున్న ఇసుకరాయిని ముందు పేల్చి, ఎత్తి, గుట్టలుగా పోయాలి. ఆ దుమ్ము ఊళ్ల మీదికీ చేల మీదికీ వస్తుంది. బొగ్గు దుమ్ము నల్లగా కనిపిస్తుంది కాబట్టి ఇంజన్‌కు అదే చేటని అందరూ అనుకుంటారు. బొగ్గు మెత్తనిది. ఇంజన్‌ను కోసేది ఇసుకరాయిలోని క్వార్ట్జ్. మోస్ కాఠిన్యం లెక్కలో అది 7, అల్యూమినియం 3 కన్నా తక్కువ. 1983 నుంచి నడుస్తున్న రామగుండం ఎన్‌టీపీసీ 2,600 మెగావాట్ల కేంద్రం నుంచి వచ్చే బూడిదలో కూడా ఎక్కువ భాగం సిలికా, అల్యూమినాలే.

డంపర్ నడిపిన అన్నకు ఈ ప్రమాదం సగమే తెలుస్తుంది. పెద్ద డీజిల్ ఇంజన్‌లో క్రాంకూ బేరింగులూ ఆయిల్ సంపులో భద్రంగా ఉంటాయి. పీల్చిన గాలి సిలిండర్‌లోకి పోతుంది, అటు రాదు. టూ స్ట్రోక్ చిన్న ఇంజన్‌లో గాలి ముందు క్రాంకు కేసులోకే వస్తుంది, బేరింగులను, కనెక్టింగ్ రాడ్డును రాసుకుంటూ పైకెళ్తుంది. 26 సీసీ ఇంజన్ నిమిషానికి 6,000 చుట్లు తిరుగుతూ, ప్రతిసారీ సగమే నిండుతుందనుకున్నా, నిమిషానికి 78 లీటర్ల గాలి పీలుస్తుంది. గంటకు 4,680 లీటర్లు. ఆ గాలిలో ఉన్న రేణువులు పిస్టన్‌నూ గీస్తాయి, బేరింగులనూ తాకుతాయి. ఆ ఇసుకరాయి గుట్టల పక్క రోడ్డున ఉన్న చేలో రెండు సీజన్లు నడిచిన పంపు కన్నా, దూరంగా పచ్చటి వరి మడుల్లో ఏడెనిమిదేళ్లు తిరిగిన పంపు మేలు కావచ్చు.

ఇంతటి దుమ్ములో “స్పాంజి తీసేస్తే పికప్ పెరుగుతది” అని చెప్పేవాళ్ల మాట వింటే నాకు నిజంగా కోపమొస్తుంది. పికప్ పెరిగినట్టు అనిపిస్తుంది, ఎందుకంటే మురికి పట్టిన స్పాంజి గాలికి అడ్డం పడుతోంది. దానికి మందు కడగడం. పెట్రోలుతో కాకుండా సబ్బునీళ్లతో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, నాలుగు చుక్కల ఆయిల్ వేసి పిండి, మళ్లీ పెట్టాలి. పొడి స్పాంజి సన్నటి దుమ్మును ఆపలేదు. జిగట ఉంటేనే పట్టుకుంటుంది. అమ్మేవాడి ఇంజన్ మీద ఎయిర్ ఫిల్టర్ మూత తీసి చూడండి. లోపల స్పాంజి లేకపోయినా, చిరిగి ఉన్నా, స్పాంజి అవతల కార్బొరేటర్ నోట్లో వేలు పెడితే ఇసుక గరగర తగిలినా, ఇక మాట్లాడాల్సింది ధర గురించి కాదు, తిరుగు ప్రయాణం గురించి.

“నడుస్తున్న ఇంజన్ను విప్పొద్దు”

ఈ సలహాను పూర్తిగా పక్కన పెట్టండి. సైలెన్సర్ విప్పకుండా ఈ ఇంజన్లు కొనడమంటే గుడ్డిగా కొనడమే. బేరం ఇక్కడే అడ్డం తిరుగుతుంది, కాబట్టి ఎలా మాట్లాడాలో కూడా చెప్తాను.

“సైలెన్సర్ ఇప్పి ఓసారి సూస్త తమ్మీ.”

“గిదేంది కాకా, నడుస్తున్న ఇంజన్ను ఇప్పుతరా ఎవలన్న? గ్యాస్కెట్ ఖరాబైతది.”

“గ్యాస్కెట్ పైసలు నేనిస్త. నువ్వు పానా ఇయ్యి.”

గ్యాస్కెట్ ఖర్చు చాలా చిన్నది. ముందే ఇస్తానని చెప్తే కాదనడానికి అతనికి కారణం ఉండదు. అయినా కాదంటే, లోపలేముందో అతనికి తెలుసన్నమాట.

సైలెన్సర్‌కు రెండో మూడో బోల్టులుంటాయి. ఇంజన్ చల్లగా ఉండాలి, ప్లగ్గు టోపీ పీకేసి ఉండాలి. సైలెన్సర్ ఊడాక వేలు పట్టేంత కిటికీ కనిపిస్తుంది. టార్చి వేసి, తాడు మెల్లగా లాగుతూ పిస్టన్‌ను పైకీ కిందికీ నడిపించండి. పిస్టన్ పక్క గోడ వెండి రంగులో ఉండి, దాని మీద అడ్డంగా, సన్నగా, వరసగా గీతలు కనిపిస్తే సంతోషించండి. అవి ఫ్యాక్టరీలో లేతు మీద తిప్పినప్పటి గీతలు. అవి ఇంకా చెరగలేదంటే పిస్టన్ పెద్దగా అరగలేదు. నిలువుగా గీతలుంటే, గోరు తగిలేంత లోతుంటే, అది సీజ్ అయిన ఇంజన్.

తర్వాత రింగు చూడండి. చుట్టూ ఒకే రకంగా మెరుస్తుండాలి. అక్కడక్కడా నల్లగా ఉంటే ఆ చోట గోడకు ఆనడం లేదు. రింగు కింద పిస్టన్ మీద గోధుమ రంగు మరక పట్టి ఉంటే, మండిన గ్యాసు రింగును దాటి కిందికి కారుతోందని తెలుసుకోండి. అగ్గిపుల్లతో రింగును మెల్లగా లోపలికి నొక్కి వదలండి. వెనక్కి తన్నుకు రావాలి. కదలకపోతే కార్బన్ పట్టి బిగుసుకుపోయింది.

ఇప్పుడు రెండో వైపు. కార్బొరేటర్ రెండు నట్లు విప్పి, గాలి వచ్చే వైపు నుంచి పిస్టన్ చూడండి. చాలామంది మెకానిక్కులు కూడా ఈ పని చేయరు, కాని మన ప్రాంతంలో అసలు కథ ఇక్కడే ఉంటుంది. ఎగ్జాస్ట్ వైపు దెబ్బ తింటే తప్పు ఆయిల్‌దో వేడిదో: ఆయిల్ తక్కువ కలిపారు, లేదా ఎక్కడో గాలి లీకై మిశ్రమం పలచనైంది. గాలి వచ్చే వైపు గోడ మెరుపు పోయి, అడ్డగీతలన్నీ చెరిగి, బూడిద రంగు రుద్దినట్టు మసకగా ఉంటే దుమ్ము లోపలికి పోయింది. ఆయిల్ తప్పును సెట్టు మార్చి, ఆ లీకు వెతికి ఆపి, సరిదిద్దుకోవచ్చు. దుమ్ము లోపలికి పోయిన ఇంజన్‌లో బేరింగులూ రాడ్డూ కూడా అదే దుమ్ము తిన్నాయి. సెట్టు మార్చినా కింది భాగం మిగలదు. కాబట్టి ధర ఎంత తగ్గించినా కొనకండి.

“చెయ్యి పెట్టి ఊపితే ఆడుతోంది, క్రాంకు పోయింది”

ఇది మంచి ఇంజన్లను పారేయించే సలహా. క్రాంకు ముందుకూ వెనక్కూ కాస్త జరిగితే భయపడక్కర్లేదు, చాలా ఇంజన్లలో ఆ కొద్దిపాటి ఖాళీ కావాలనే పెడతారు. కనెక్టింగ్ రాడ్డు పిన్ను మీద పక్కకు జరగడం కూడా తయారీలో ఉన్నదే. చూడాల్సింది పైకీ కిందికీ ఆట. ఫ్లైవీలు పట్టుకుని నిలువుగా ఎత్తి దింపితే ఏమాత్రం కదలకూడదు. కదిలిందంటే బేరింగు ఆడుతోంది, పక్కనే ఉన్న ఆయిల్ సీల్ కూడా గాలి పీలుస్తోంది. అప్పుడు మిశ్రమం పలచనై, ఇంజన్ రేసు తగ్గించినా తగ్గక ఊళపెడుతుంది.

రాడ్డు చూడాలంటే పిస్టన్‌ను పైకి తెచ్చి, ప్లగ్గు రంధ్రంలోంచి కర్రపుల్ల దించి పిస్టన్ మీద ఆనించి, ఫ్లైవీలును అటూ ఇటూ వెంట్రుకవాసి కదపండి. టక్కుమని పుల్లకు తగిలితే రాడ్డు పెద్ద ఎండు, అంటే క్రాంకు పిన్ను మీద కూర్చునే కొన, అరిగింది. బేరింగులు మార్చుకోవచ్చు, నంబరు దాని అంచు మీదే చెక్కి ఉంటుంది. 6201 అంటే లోపలి రంధ్రం 12 మిల్లీమీటర్లు, 6202 అంటే 15. ఈ సైజులు మోటార్ల షాపుల్లోనూ దొరుకుతాయి. పెద్ద ఎండు అలా కాదు, క్రాంకు మొత్తం ప్రెస్ మీద విప్పి కూర్చోబెట్టాలి.

“ఆయిల్ రెండింతలు పొయ్యి, ఆయుస్సు రెండింతలైతది”

కాదు. లీటరు పెట్రోలుకు 40 మిల్లీలీటర్లు అని పుస్తకంలో ఉంటే 40, 20 అని ఉంటే 20. 80 పోస్తే ఎగ్జాస్ట్ కిటికీలో కార్బన్ పేరుకుంటుంది, రింగు దాని గాడిలో ఇరుక్కుంటుంది. పైగా ఆయిల్ ఆక్రమించిన చోట పెట్రోలు తగ్గి, ఇంజన్ మామూలుకంటే వేడిగా నడుస్తుంది. ట్రాక్టర్ ఇంజన్ ఆయిల్ కలపడం ఇంకా చెడ్డ అలవాటు. అది మండేందుకు చేసింది కాదు, ప్లగ్గు మీదా పిస్టన్ తల మీదా బూడిద మిగులుస్తుంది.

సీజన్ అయ్యాక ట్యాంకులో పెట్రోలు ఉంచితే కార్బొరేటర్‌లోని డయాఫ్రం ఎండిపోదని కూడా అంటారు. ఒకప్పుడు ఆ మాటలో కొంత అర్థం ఉండేది. 2023 ఫిబ్రవరిలో 20 శాతం ఇథనాల్ పెట్రోలు మొదలయ్యాక, ఇప్పుడు బంకుల్లో దొరికేది చాలామటుకు అదే. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ ఎక్కువైతే నీళ్లూ ఇథనాలూ కలిసి ట్యాంకు అడుగుకు దిగుతాయి. మనం కలిపిన ఆయిల్ పైన పెట్రోలులోనే ఉండిపోతుంది. మళ్లీ సీజన్‌లో ఇంజన్ మొదట పీల్చేది ఆయిల్ లేని ఆ అడుగు పొరనే. ఎగ్జాస్ట్ వైపు నిలువు గీతలు పడటానికి ఆ కొద్ది సేపు చాలు. ట్యాంకు ఖాళీ చేసి, తనంతట తాను ఆగేదాకా నడిపి అటక మీద పెట్టండి.

విమానం కట్టే పిల్లలకు

మంథని జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కాలేజీ ఉన్నది మన దగ్గరి సెంటినరీ కాలనీలోనే. మెకానికల్ చదివే పిల్లలకు బ్రష్ కట్టర్ ఇంజన్ చూడగానే విమానం గుర్తుకు రావడం సహజం, నాకది చాలా ఇష్టమైన పిచ్చి. అదేం వింత ఆలోచన కూడా కాదు. విదేశాల్లో పెద్ద మోడల్ విమానాల పెట్రోల్ ఇంజన్లు మొదట చెట్లు కోసే రంపాల నుంచి, గడ్డి కోసే మిషన్ల నుంచే వచ్చాయి. జపాన్‌కు చెందిన జెనోవా కంపెనీ గడ్డి మిషన్లూ చేసింది, విమానాల ఇంజన్లూ చేసింది.

వీళ్లకు తగిలే తప్పుడు సలహా ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో ఏరోమోడలింగ్ చేసిన పెద్దల నుంచి వస్తుంది: “ప్రొపెల్లర్ తిప్పితే పైన బిగుతుగా పట్టాలి, అప్పుడే మంచి ఇంజన్.” వాళ్లు తిప్పినవి ఒకటిన్నర, రెండున్నర సీసీల చిన్న ఇంజన్లు. వాటిలో చాలావాటికి రింగే ఉండదు. పిస్టన్‌నూ గోడనూ ఒకదానికొకటి అరగదీసి జత చేస్తారు, లేదా ఇత్తడి స్లీవుకు క్రోమియం పూసి పైన సన్నబడేలా చేస్తారు. చల్లగా ఉన్నప్పుడు అవి పైన పట్టుకోవాలి, నిజమే. రింగున్న పెట్రోల్ ఇంజన్ అలా పట్టుకోకూడదు. స్ప్రింగులా ఎదురు తన్నాలి గాని ఎక్కడా ఇరుక్కోకూడదు. ఇరుక్కుంటే కార్బన్ గడ్డ కట్టిందో, సీజ్ అయిన మచ్చ ఉందో చూడండి. రింగున్న కొత్త ఇంజన్‌లో కంప్రెషన్ కాస్త మెత్తగా ఉన్నా కంగారు వద్దు, రింగు గోడకు కూర్చోవడానికి కొన్ని ట్యాంకుల పెట్రోలు కావాలి.

రెండు జాగ్రత్తలు. బ్రష్ కట్టర్ ఇంజన్‌లో మ్యాగ్నెటో ఉంటుంది, బ్యాటరీ లేకుండానే నిప్పు పుడుతుంది. ప్రొపెల్లర్ చేత్తో తిప్పి కంప్రెషన్ చూసేముందు ప్లగ్గు టోపీ తప్పకుండా పీకాలి. వేళ్లు పోయాక తెలుసుకుని లాభం లేదు. రెండోది, విమానాల ఇంజన్లకు చాలామటుకు ఎయిర్ ఫిల్టరే ఉండదు. పచ్చికలో లేచే విమానానికి అది చెల్లుతుంది. మన మట్టి నేల మీద ప్రొపెల్లర్ లేపిన దుమ్మునంతా కార్బొరేటరే తాగుతుంది. ట్యూనింగ్ చేసేటప్పుడు కింద తడిపిన టార్పాలిన్ పరవండి. విమానాల ఇంజన్ సెకండ్ హ్యాండ్‌లో కొంటుంటే, ఎగ్జాస్ట్ వైపు కన్నా ముందు కార్బొరేటర్ వైపే చూడండి.

బేరానికి కూర్చునేముందు

ఇంజన్ చూడ్డానికి పోయేలోపే దాని మోడల్ నంబరు కనుక్కుని, గోదావరిఖనిలోనో పెద్దపల్లిలోనో స్పేర్ పార్టుల షాపులో ఆ మోడల్‌కు సిలిండర్ పిస్టన్ సెట్టు ఉందా, ఎంత అని అడగండి. ఎగ్జాస్ట్ వైపు గీతలుండి, మిగతాదంతా బాగుంటే ఆ సెట్టు ధరను, బిగించే కూలిని చెప్పిన ధరలోంచి తీసేసి మాట్లాడండి. కాయిల్‌కూ ఫ్లైవీలుకూ మధ్య విజిటింగ్ కార్డు ఒకటి దూరేంత సందు ఉండాలి, అది సరిచేసుకోవడానికి ఖర్చేమీ లేదు, కాబట్టి నిప్పు సన్నగా వస్తోందన్న సాకుతో మంచి ఇంజన్ వదులుకోకండి. సెట్టు ఎక్కడా దొరకదంటే మాత్రం, ఎంత చవకైనా, పంపును అక్కడే పెట్టి రండి.